వెనక కమాన్ల కింద 3 ఇంచుల బ్లాకులు పెట్టొచ్చునా?

ములుగు_పికప్:
బండి డబుల్ క్యాబ్ 4×4 పికప్. ముందట కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఇరుసు మీద ఉన్నయి. తాడ్వాయి అవతల అడవి బాటల్ల తిరుగుతది, సీజన్ల ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు కూడ ఏస్తం. ముందట బండి లేపేటందుకు స్ప్రింగుల కాడ ఒకటిన్నర ఇంచు స్పేసర్లు (దిమ్మెలు) పడ్డయి, ఇప్పుడు వెనక లేపాలె. షాపాయన కమాన్‌కు ఇరుసుకు నడుమ ఒక్కో దిక్కు 1.5 ఇంచుల బ్లాకులు రెండు, ఒకదాని మీద ఒకటి పెడతనంటున్నడు. కమాన్‌ను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులకే రాడ్ అతికి పొడుగు చేస్తడట. ఇంకో ముచ్చట, మా బాబాయిది పాత జీపు, ముందు వెనక కమాన్లే. దానికి ముందట బ్లాకు పెట్టొచ్చునా?

కమాన్_కట్ట:
మూడూ వద్దు తమ్మీ.

బ్లాకును పట్టి ఉంచేది యూ బోల్టుల బిగువు ఒక్కటే. కింద బ్లాకు పిన్ను ఇరుసు సీటు బొక్కల కూసోవాలె, పైన కమాన్ పట్టీలను కలిపే సెంటర్ బోల్టు తలకాయ బ్లాకు బొక్కల కూసోవాలె. ఇవి జాగ చూపెట్టేటందుకే, బలానికి కాదు. ఒకదాని మీద ఒకటి పెడితే జారే జాయింటు ఇంకోటి పెరుగుతది. బిగువు తగ్గిన నాడు పిన్ను తెగి ఇరుసు పక్కకు పోతది.

యూ బోల్టు అతికితే వెల్డింగ్ వేడికి అతుకు పక్కన స్టీలు గుణం పోతది, అక్కడనే విరుగుతది. ఒకసారి బిగిసి సాగినవి మళ్ల వాడుడు కూడ తప్పే. కొత్తవే చేపియ్యి. పొడుగు లెక్క అల్కగనే ఉంటది: పాత దాని లోపలి పొడుగుకు బ్లాకు ఎత్తు కలుపు. పాతది 200 మి.మీ., బ్లాకు 50 మి.మీ. అయితే కొత్తది 250. బిగించినంక నట్టు బయట రెండు మూడు మరలు కనపడాలె.

జీపు ముందట మాత్రం అస్సలు పెట్టొద్దు. బ్రేకు కొడితే బరువంత ముందు ఇరుసు మీదికే వస్తది, స్టీరింగు గుంజుడు కూడ దాని మీదనే. అక్కడ బ్లాకు జారితే స్టీరింగు చేతుల ఉండది. అయినా పాత జీపులల్ల కమాన్ ఇరుసు కిందికి ఉంటది. నడుమ బ్లాకు పెడితే బండి లేవదు, ఇంకా దిగుతది! దానికి కమాన్ల వంపు సరిచేపియ్యాలె, లేకుంటే కొత్త కట్టలు ఎయ్యాలె.

హన్మకొండ_గ్యారేజ్:
వెనక ఒకే ముక్క బ్లాకు, 2 ఇంచులు దాటకుండా అయితే సరే. పోత ఇనుముది గానీ గట్టి స్టీలుది గానీ తీసుకోండి. డొల్ల పైపు, చెక్క వద్దు. వెడల్పు కమాన్ పట్టీతో సమానంగా ఉండాలి. ఆనుకునే ముఖాల మీద మందంగా పెయింటు ఉంటే గీకేయండి, అది అరిగిన కొద్దీ బిగువు వదులవుతుంది.

ఎత్తు పెరిగితే ఇరుసు మెలి తిప్పే బలానికి లీవరు పొడవు పెరుగుతుంది. లో గేరులో ఇసుక మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కమాన్ ఎస్ ఆకారంలో వంగుతుంది, చక్రాలు ఎగురుతాయి, ఇంజిన్ బలాన్ని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (మడత కీలు) విరగొచ్చు. 3 ఇంచుల్లో ఇది బాగా తెలుస్తుంది. వాలు బ్లాకు (ఒక అంచు మందం, ఒక అంచు సన్నం) వాడితే వెనక ఇరుసుకు సన్న అంచు ముందుకు ఉండాలి. తిప్పి పెడితే పినియన్ ముక్కు (డిఫరెన్షియల్‌కు షాఫ్ట్ తగిలే చోటు) కిందికి పోతుంది. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండి కదిలేటప్పుడు వణికితే షాఫ్ట్‌ను నడుమ పట్టే సెంటర్ బేరింగ్ బ్రాకెట్‌కు స్పేసర్ వేసి కొద్దిగా దించాలి.

చాలామంది మరిచిపోయేది బ్రేకు వాల్వు. ఇరుసు నుంచి రాడ్‌తో నడిచే లోడ్ సెన్సింగ్ వాల్వు మీ బండికి ఉందేమో కింద దూరి చూడండి. ఇరుసు, చాసిస్ మధ్య దూరం పెరిగితే బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకు ప్రెషర్ తగ్గించేస్తుంది. మిర్చి లోడుతో ఇది చాలా ప్రమాదం. రాడ్ బ్రాకెట్‌ను బ్లాకు ఎత్తుకు తగ్గట్టు సర్దాలి. బంప్ స్టాపు (ఇరుసు చాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు) కూడా అంతే ఎత్తు పెంచాలి. షాక్ అబ్సార్బర్లు పొడవువి వేయాలి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు హోజు, హ్యాండ్‌బ్రేకు కేబుల్, ఏబీఎస్ వైరు బిగుసుకోకూడదు.

బిగించేటప్పుడు చాసిస్ కింద స్టాండ్లు, ఇరుసు కింద జాకీ పెట్టి ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి. నాలుగు నట్లూ అడ్డదిడ్డంగా, కొద్దికొద్దిగా, చివరికి బండి చక్రాల మీద నిలిచాక మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. 100 కి.మీ. తర్వాత మళ్లీ, 800 దగ్గర ఇంకోసారి. బ్లాకు అతుకు దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపల కదులుతున్నట్టే.

కాగితాలు_చూసుకో:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేదీ ఇదే.

ములుగు_పికప్:
అన్నా, బాటల రాళ్లు వెనక డిఫరెన్షియల్‌కే తగులుతున్నయి. 2 ఇంచుల బ్లాకుతోని అది లేస్తదా? లోడు ఏస్తె వెనక కూలబడుడు తగ్గుతదా?

కమాన్_కట్ట:
రెండూ కావు. బ్లాకుతోని లేచేది చాసిస్సే. డిఫరెన్షియల్ ఇరుసుతోపాటే ఉంటది, టైరు పెద్దదైతేనే లేస్తది. అదీ వ్యాసం ఇంచు పెరిగితే అర్ధ ఇంచే. లోడుకు కూలబడుడు తగ్గాల్నంటే కట్టల ఒక పట్టీ ఎక్కువ ఏపియ్యి. కొంచెం ఎత్తు కూడ వస్తది, ఖాళీ బండి గట్టిగ ఎగురుతది, అంతే. ముందు స్పేసర్‌తోని బండి ఎంత లేచిందో చక్రం సెంటర్ నుంచి ఫెండర్ అంచు దాక కొలువు. ఒకటిన్నర స్పేసరయితే చక్రం దగ్గర అంతకన్న ఎక్కువనే లేస్తది. వెనక ఎంత లేపాలెనో ఆ లెక్క చూసినంకనే షాపుకు పో.