ఎస్కిమో, జిప్సీ, రెడ్ ఇండియన్... వీటి బదులు ఏం రాయాలి?

పాతపేజీ:

పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకటి మళ్ళీ అచ్చుకి వెళ్తోంది, తెలుగు కాపీ సరిచూసే పని నా మీద పడింది. అందులో ప్రపంచంలోని రకరకాల జనాల గురించి ఒక పెద్ద అధ్యాయం ఉంది. ఎప్పుడో రాసింది కాబట్టి ఎస్కిమోలు, రెడ్ ఇండియన్లు, జిప్సీలు, నీగ్రోలు, బుష్‌మెన్, పిగ్మీలు, లాప్‌లు, అందరూ వరసగా ఉన్నారు. నీగ్రో తీసేయాలని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తీసేశాను. మిగతావాటి దగ్గరే టెన్షన్. ఒకచోట చదివితే ఈ మాట తప్పంటారు, ఇంకోచోట చూస్తే ఆ జనమే ఆ మాట వాడుకుంటూ కనబడతారు.

ఎడిటర్ గారేమో "ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త పేరు పెట్టి ఒక పట్టిక ఇవ్వండి, కంప్యూటర్లో ఒక్కసారే మార్చేద్దాం" అంటున్నారు. అలా మార్చేస్తే సరిపోతుందా? ఇంకొకటి, బొమ్మల కింద "చైనావాడు", "అరబ్బువాడు" లాంటివి ఉన్నాయి, వాటినీ ముట్టుకోవాలా?

నిదానం:

ఒక్కసారే మార్చడం మాత్రం వద్దండి. మొదటి పేరు దగ్గరే దెబ్బతింటారు.

ఎస్కిమో తీసి ఇన్యుయిట్ పెట్టాలని అందరూ చెప్తారు, కెనడా, గ్రీన్‌లాండ్ వాళ్ళ విషయంలో అది సరైనదే. 1977లో అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్‌ల నుంచి వచ్చిన ప్రతినిధులు అలాస్కాలోని బారోలో కలుసుకుని తామంతా ఇన్యుయిట్ అనే పేరుతోనే ఉండాలని అనుకున్నారు. (ఆ ఊరు కూడా ఇప్పుడు బారో కాదు, ఉట్కియాగ్విక్. ఊరివాళ్ళు ఓటేసి పాత పేరు తెచ్చుకున్నారు.) కానీ నైరుతి అలాస్కాలోనూ, బేరింగ్ జలసంధి అవతల సైబీరియాలోనూ యూపిక్ అని వేరే జనం ఉన్నారు. బంధుత్వం ఉన్న భాషలే గానీ ఒకటే భాష కాదు, వాళ్ళు ఇన్యుయిట్ అనిపించుకోరు. పాత పుస్తకాల్లో వీళ్ళనీ ఎస్కిమోలనే రాసేవారు. మీ బొమ్మలో ఉన్నది యూపిక్ కుటుంబం అయితే, మీ పట్టిక పాత తప్పు తీసి కొత్త తప్పు పెడుతుంది. అందుకని ముందు బొమ్మ ఎక్కడ తీశారో చూడండి, పేరు ఆ తర్వాత. గ్రీన్‌లాండ్ అయితే అక్కడి ఎక్కువమంది తమని కలాల్లిట్ అంటారు, చోటు ఉంటే అదీ రాయొచ్చు. ఇన్యుయిట్ అనేది అసలే బహువచనం, ఒక్కరైతే ఇనుక్. కాబట్టి "ఇన్యుయిట్లు" కన్నా "ఇన్యుయిట్ ప్రజలు" అంటే చెవికి బావుంటుంది.

రెడ్ ఇండియన్ నిస్సందేహంగా పోవాలి. ఒంటి రంగుని పేరు చేసిన మాట అది. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు దాదాపు అలాంటి పేరునే దశాబ్దాల పాటు పట్టుకుని వేలాడి చివరికి 2020లో వదిలేసింది. దాని బదులు ఏం పెట్టాలంటే, వీలైన ప్రతిచోటా తెగ పేరే పెట్టండి: చెరొకీ, లకోటా, హోపీ. పాత పుస్తకాల్లో సూ అని కనిపించేది లకోటా, డకోటా, నకోటా జనాలన్నిటికీ కలిపి బయటివాళ్ళు వాడిన పేరు. నవాహోలు తమని తాము దినే అంటారు, కానీ వాళ్ళ ప్రభుత్వం అధికారిక పేరు ఇప్పటికీ నవాహో నేషనే, రెండూ మర్యాదే. అందర్నీ కలిపి చెప్పాల్సి వస్తే నేటివ్ అమెరికన్లు, లేదా శుభ్రంగా అమెరికా మూలవాసులు. అమెరికన్ ఇండియన్ అనే మాట అక్కడ చాలామంది పెద్దవాళ్ళకి ఇంకా ఇష్టమే, 2004లో వాషింగ్టన్‌లో తెరిచిన జాతీయ మ్యూజియం పేరులోనూ అదే ఉంది. కానీ తెలుగు పిల్లాడికి ఇండియన్ అంటే ఎవరో మీకు తెలుసు, వాడిని తికమకపెట్టడం ఎందుకు?

కెనడా వేరే కథ. అక్కడి మూలవాసులని ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మేటీ (మూలవాసీ, ఐరోపా మిశ్రమ వారసత్వం ఉన్నవాళ్ళు) అని మూడు వర్గాలుగా చెప్తారు. "నేటివ్ అమెరికన్" అని వాళ్ళ మీద రుద్దకండి. చట్టం పేరు మాత్రం 1876 నుంచీ ఇండియన్ యాక్టే, దాని గురించి రాస్తే ఆ పేరే రాయాలి.

లాప్ తీసేసి సామీ పెట్టండి, ఇందులో గొడవ లేదు. నార్వేలో వాళ్ళ పార్లమెంటు 1989 నుంచీ ఉంది, దాని పేరు సామీ పార్లమెంటు. కానీ ఫిన్‌లాండ్‌లో ప్రాంతం పేరు లాప్‌లాండే, దాన్ని మార్చకండి. మీ కంప్యూటర్ దాన్నీ "సామీలాండ్" చేసి పెడుతుంది చూడండి.

సూటిమాట:

ఇంత హైరానా అవసరమా అని నా డౌట్. తెలుగులో ఎస్కిమో అని ఎవరైనా ఎవరినైనా తిట్టారా? పిల్లలకి మంచు ఇల్లు గుర్తొస్తుంది, అంతే. తిట్టు కానిదాన్ని తిట్టు చేసి కూర్చుంటున్నాం. అదీగాక అందరినీ వాళ్ళు పిలుచుకునే పేరుతోనే పిలవాలంటే జర్మన్లని డోయిచె అనాలి, ఫిన్‌లాండ్ వాళ్ళని సువోమలైసెత్ అనాలి. మనం జర్మన్లు అన్నందుకు వాళ్ళేం ఏడవట్లేదు కదా. రేపు ఇన్యుయిట్ కూడా తప్పంటారు, మళ్ళీ అచ్చేయిస్తారా పుస్తకం?

ఉత్తరపుగాలి:

సూటిమాట గారూ, జర్మన్లు మమ్మల్ని అలా పిలవొద్దని ఎవర్నీ అడగలేదు. ఇక్కడ మాట్లాడుతున్నది అడిగినవాళ్ళ గురించి. తేడా అంతా అక్కడే ఉంది, పేరు బయటివాడు పెట్టాడా లోపలివాడు పెట్టుకున్నాడా అన్నది రెండో సంగతి.

అడిగితే ఏమవుతుందో ఒకటి చెప్తా. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లిష్ డాక్టరు, పుట్టుకతో వచ్చే ఒక స్థితి ఉన్న పిల్లల ముఖాలు చూసి వాళ్ళని మంగోల్ జాతితో పోల్చాడు. అప్పట్నుంచి దాదాపు వందేళ్ళు వైద్య పుస్తకాల్లో దాని పేరు మంగోలిజం. వాడినవాళ్ళు ఎవరూ మంగోలియాని తిట్టాలని వాడలేదు, రోజూ రాసే వైద్య పదం అంతే. కానీ మీ దేశం పేరు ఒక జబ్బు పేరులా ఆసుపత్రి కాగితాల మీద ఉంటే మీకెలా ఉంటుంది? మంగోలియా ప్రతినిధులు ప్రపంచ ఆరోగ్య సంస్థని అడిగారు, 1965లో సంస్థ ఆ మాట వదిలేసింది. ఇప్పుడు డౌన్ సిండ్రోమ్ అంటున్నాం, వైద్యం ఏమీ ఆగిపోలేదు. "మేం తిట్టుగా వాడట్లేదు" అనేది మన మనసులో సంగతి, అవతలివాడికి కాగితం మీద మాటే కనిపిస్తుంది.

రేపు మళ్ళీ మారొచ్చు అన్నది మాత్రం నిజమే. 1930లో న్యూయార్క్ టైమ్స్ నీగ్రో అనే మాటని పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం గౌరవంగా భావించి మార్చుకుంది, అప్పట్లో అది మర్యాద మాటే. 2016లో ఆ మాటనే, ఎస్కిమో, ఓరియంటల్ మాటలతో పాటు, అమెరికా రెండు ఫెడరల్ చట్టాల్లోంచి తీసేసింది. మారతాయి. అచ్చయిన పుస్తకంలో దేశాల సరిహద్దులు మారట్లేదా, అవి కొత్త ముద్రణలో సరిచేయట్లేదా?

పాతపేజీ గారికి: నల్లజాతీయుల దగ్గర జాగ్రత్త. ఆఫ్రికన్ అమెరికన్ అనేది అమెరికాలో వాళ్ళకే. లండన్‌లో పుట్టిన వాళ్ళనో బ్రెజిల్ వాళ్ళనో అలా రాసిన కాపీలు నేను చూశాను, నవ్వొస్తుంది. దేశం తెలిస్తే దేశం రాయండి, నైజీరియా వాళ్ళని నైజీరియన్లనండి. దక్షిణాఫ్రికా వచ్చేసరికి ఇంకో మెలిక: "కలర్డ్" అనే మాట అమెరికాలో అవమానం, అక్కడేమో మిశ్రమ వారసత్వం ఉన్న ఒక పెద్ద సముదాయం పేరు, జనాభా లెక్కల్లోనూ ఉంది, చాలామంది తమని అలాగే చెప్పుకుంటారు. అది చూసి ఎవరో అవమానం అనుకుని కొట్టేస్తే, ఆ సముదాయాన్నే పేజీలోంచి కొట్టేసినట్టు అవుతుంది.

ఇక "చైనావాడు". దీనికి ప్రపంచ చర్చ అక్కర్లేదు, తెలుగు వ్యాకరణం చాలు. అదే పుస్తకంలో "ఆంగ్లేయుడు", "ఫ్రెంచి దొర" అని ఉంటుంది, పక్క పేజీలో "చైనావాడు", "అరబ్బువాడు" అని ఉంటుంది. ఒక్కసారి వరసగా చదవండి, ఎవరికి -వాడు పడిందో, ఎవరికి దొర పడిందో తెలిసిపోతుంది. అందరికీ ఒకటే పెట్టండి: చైనీయులు, అరబ్బులు, ఆంగ్లేయులు. దొరని కూడా తీసేయండి.

సరిహద్దు:

నేను జాతీయతల గురించే చెప్తాను, ఎందుకంటే అక్కడ అవమానం కన్నా గందరగోళం ఎక్కువ. ఆఫ్ఘనిస్తాన్ మనిషి ఆఫ్ఘన్. ఆఫ్ఘనీ అంటే అక్కడి డబ్బు. మన పత్రికల్లో "ఆఫ్ఘనీ శరణార్థులు" అని ఎన్నిసార్లు పడుతుందో. స్కాట్లాండ్, వేల్స్ వాళ్ళని బ్రిటిష్ అనొచ్చు, ఇంగ్లిష్ వాళ్ళు అనకండి. ఇరానీయులు అరబ్బులు కారు, వాళ్ళలో పారసీకులు, అజెరీలు, కుర్దులు అందరూ ఉన్నారు.

దేశమూ జనమూ ఒకటి కాని చోట ఇంకొంచెం ఆగాలి. బోస్నియన్ అంటే ఆ దేశ పౌరుడెవరైనా. బోస్నియాక్ అంటే అక్కడి ముగ్గురు ప్రధాన జనాల్లో ఒకరు, ఎక్కువగా ముస్లింలు, మిగతావాళ్ళు సెర్బులు, క్రొయేట్లు. ఒక్క అక్షరం తేడాతో యుద్ధం గురించి రాసిన పేరా మొత్తం తలకిందులవుతుంది. అలాగే కజక్ అంటే ఆ జాతి మనిషి, కజకిస్తానీ అంటే ఆ దేశ పౌరుడు, రష్యన్ జాతివాడైనా సరే. మయన్మార్‌లో బమార్లు అధిక సంఖ్యలో ఉన్న జనం, దేశంలో అందరూ బమార్లు కాదు.

దేశాల పేర్లు మారినవి ఎలాగూ సరిచేయాలి: స్వాజిలాండ్ 2018 నుంచి ఎస్వాతినీ (జనాన్ని మాత్రం స్వాజీలనే అంటున్నారు), మాసిడోనియా 2019 నుంచి ఉత్తర మాసిడోనియా. టర్కీ ఐక్యరాజ్యసమితిలో 2022 నుంచి తుర్కియే, తెలుగులో ఇంకా టర్కీయే నడుస్తోంది, దాని గురించి నేను కొట్లాడను.

పాతపేజీ:

చాలా థాంక్స్ అందరికీ. పట్టిక ఆలోచన మానేశాం, ఎడిటర్ గారు లాప్‌లాండ్ దగ్గరే ఒప్పుకున్నారు. ఇంకా మూడు తేలలేదు: జిప్సీలు, బుష్‌మెన్, పిగ్మీలు. మూడిటికీ రెండు వైపులా సాక్ష్యం కనిపిస్తోంది. ఇంకోటి, 18వ శతాబ్దపు నావికుడి ఉత్తరం ఒకటి పుస్తకంలో యథాతథంగా ఉంది, అందులో హొటెన్‌టాట్ అని ఉంది. దాన్ని మార్చాలా?

నిదానం:

ఉత్తరాన్ని ముట్టుకోకండి. రాసింది వాడు, మాట వాడిది. కింద ఒక వాక్యం పెట్టండి: ఇది అప్పటి ఐరోపా వాళ్ళు ఆఫ్రికా దక్షిణ భాగంలోని ఖోయ్‌ఖోయ్ ప్రజలకి పెట్టిన పేరు, ఇప్పుడు అవమానంగా భావిస్తారు అని. పిల్లలకి అది అర్థమవుతుంది, మనం అనుకునేంత అమాయకులు కారు వాళ్ళు.

జిప్సీలకి: మామూలుగా రోమా. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభలో బయటివాళ్ళు పెట్టిన పేర్లు వద్దని, ఈ పేరుండాలని తేల్చారు. జర్మన్ ప్రాంతాల్లో సింతీ అని ఇంకో సముదాయం ఉంది, నాజీల హత్యాకాండ గురించి రాసేటప్పుడు "సింతీ, రోమా" అని ఇద్దర్నీ కలిపి రాయాలి. కానీ బ్రిటన్‌లో జిప్సీ అని తమని తాము చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. 2021 ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్ అని ఒక గడి, రోమా అని వేరే గడి ఉన్నాయి. బ్రిటన్ పేజీలో ఆ మాట ఉంచండి, మిగతా పేజీల్లో తీసేయండి.

బుష్‌మెన్ బదులు సాన్ అంటారు, పిల్లల పుస్తకానికి అదే రాయండి. నిజానికి సాన్ కూడా పక్కనున్న ఖోయ్‌ఖోయ్ భాషలోంచి వచ్చిన బయటి పేరే, అందుకే కొందరు బుష్‌మన్ అనే పేరే మాకు నయం అంటారు. ఏ సముదాయమో తెలిస్తే జుహోవాన్సి లాంటి అసలు పేరు వేయడమే మేలు. పిగ్మీకి కూడా అదే, ఎంబుటి, బాకా, అకా, ట్వా అని విడివిడి పేర్లు వేయండి. పిగ్మీ అనేది పొట్టి అని చెప్పే మాట కాబట్టి కొందరికి కష్టంగా ఉంటుంది. అయితే కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ 2022లో చేసిన హక్కుల చట్టం పేరులోనే "పిగ్మీ మూలవాసీ ప్రజలు" అని ఉంది, కాబట్టి ఆ చట్టం ప్రస్తావన వస్తే దాన్ని దాచక్కర్లేదు.

పుస్తకం చివర అకారాది సూచిక ఉంటుంది కదా, అందులో పాత పేర్లు తీసేయకండి. "ఎస్కిమో: ఇన్యుయిట్, యూపిక్ చూడండి" అని వేయండి. పాత పేరు ఒక్కటే తెలిసిన పిల్లాడు ఆ పేరుతోనే వెతుకుతాడు, వాడికి పేజీ దొరకాలి.