ఏడో తరగతి పిల్లలకు గ్రామసభలో ఏం పని?

సోషల్ మాస్టారు:
మాది జెడ్పీ హైస్కూలు. ఏడో తరగతికి పంచాయతీ పాఠం చెప్తూ, పోయినవారం పిల్లల్ని గ్రామసభకు తీసుకెళ్లాను. ఒక పాప లేచి "మా వీధికి సిమెంటు రోడ్డు ఎప్పుడేస్తారండీ" అని అడిగింది. మర్నాడే నాకు ఫోను: "పుస్తకంలో ఉన్నది చెప్పండి, చాలు." నేను చేసింది తప్పా?

కాలువగట్టు రైతు:
తప్పే. రాజ్యాంగం 243వ అధికరణ చూడండి మాస్టారూ. గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు. ఆ పిల్లకి ఓటుందా?

చిన్నిగాడి అమ్మ:
మావాడు "గ్రామసభ అనగానేమి"కి రెండుకి రెండు తెచ్చుకున్నాడు. మా ఊళ్లో అది ఎక్కడ పెడతారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు 😀

సోషల్ మాస్టారు:
ఓటెయ్యడానికి కాదండీ, చూడ్డానికి తీసుకెళ్లాను. కోర్టు హాల్లో కూర్చోవాలంటే లాయరై ఉండాలా?

కాలువగట్టు రైతు:
చూడ్డానికొచ్చినవాళ్లు చూసి వెళ్లాలి. నోరెందుకు విప్పారు? ఓటు లేదు, ఇంటిపన్ను కట్టేది లేదు.

అమీర్‌పేట కుర్రాడు:
పన్ను లేదని ఎవరన్నారన్నా? బిస్కెట్ ప్యాకెట్ కొన్న ప్రతి పిల్లాడూ జీఎస్టీ కడుతున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్ల మీద తీసేశారు గానీ, బిస్కెట్ల మీద ఇంకా 5 శాతం ఉంది.

కాలువగట్టు రైతు:
బిస్కెట్లు పక్కన పెట్టు తమ్ముడూ. నేనడిగింది 243 గురించి.

చిన్నిగాడి అమ్మ:
243, 243... లాటరీ నంబరా అది?

సోషల్ మాస్టారు:
రైతుగారూ, ఆ రూలు ఇంతలా పట్టుకుని వేలాడుతున్నారంటే మీకు గుచ్చుకున్నది రూలు కాదు, రోడ్డు ప్రశ్న.

కాలువగట్టు రైతు:
అవును, గుచ్చుకుంది! మా ఇంటావిడ 2021లో సర్పంచి అయింది. కేంద్రం నుంచి పంచాయతీలకొచ్చిన పదిహేనో ఆర్థిక సంఘం డబ్బులో నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుధ్యానికే వాడాల్సి వచ్చేది. దాన్ని తీసి రోడ్డుకి పోయడానికి వీల్లేకపోయింది. మిగతా 40లోనే అన్నీ సర్దుకోవాల్సి వచ్చేది. అది మీ పాఠంలో ఉందా? కాలువ పూడిక తీయించి, బిల్లు రాక, నా జేబులోంచి కూలి ఇచ్చాను. అన్నీ తెలిసిన పెద్దోళ్లే మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశారు. ఇప్పుడు పిల్లలకి కూడా నేర్పండి.

సోషల్ మాస్టారు:
ఈ 60, 40 లెక్క మా పాఠంలో లేదండీ. ఆ రోజు సభలో పాపకి ఈ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు, "కూర్చో అమ్మా" అన్నారంతే. మీరు మా క్లాసుకొచ్చి చెప్తారా?

కాలువగట్టు రైతు:
ముందు లెక్క తెలుసుకుని తర్వాత అడగాలి. మా ఇళ్లల్లో పిల్లల్ని అలాగే పెంచాం.

సోషల్ మాస్టారు:
అడక్కుండా ఎవరు చెప్తారండీ లెక్క? మీ దగ్గర ఇంత ఉందని నాకే ఇవాళ తెలిసింది, అదీ మీకు కోపం వచ్చాక.

డ్వాక్రా లక్ష్మి:
ఇందాకట్నించీ చూస్తున్నాను. పూడిక తీయించాను, కూలి ఇచ్చాను అంటున్నావు అన్నయ్యా. సర్పంచి వదిన కదా. ఆ ఐదేళ్లూ సభలో ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

కాలువగట్టు రైతు:
సంతకాలన్నీ ఆవిడవే.