అప్‌డేట్: ఉతికినా వాసన వదలని గుడ్డ డైపర్లు

ఉతికి ఆరేసిన గుడ్డ డైపర్లు పాప ఒక్కసారి తడపగానే ఘాటుగా అమ్మోనియా వాసన కొడుతున్నాయని, పీల్చడం కూడా తగ్గిందని అడిగాను. వాసన పోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కారణం బోరు నీళ్లే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా నూలు పోగుల్లో పేరుకుంటాయి. మూత్రం అక్కడ చిక్కుకుంటే బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. అలా సబ్బులో కొంత ఆ లవణాలకే పోతుంది కాబట్టి "పౌడర్ తగ్గించండి" అన్న సలహా ఇలాంటి ఉప్పునీళ్లకు సరిపడదు.

రాత్రి వాడినవి పొద్దున్నే చల్లనీళ్లలో జాడించి పిండాలి. బకెట్‌లో నానబెట్టి వదిలేయొద్దు. మెషిన్‌లో ముందు సగం పౌడర్‌తో చన్నీళ్ల చిన్న వాష్, తర్వాత 60 డిగ్రీల్లో పూర్తి మోతాదు పౌడర్, 2 చెంచాల చాకలి సోడా. డ్రమ్ము మూడొంతులు నిండితేనే గుడ్డలు ఒకదానికొకటి రాసుకుని మురికి వదులుతుంది. చివర 2 సార్లు జాడింపు. సువాసన కండిషనర్ అసలు వద్దు, పోగులకు పూతలా పట్టి పీల్చనివ్వదు. ప్యాడ్లు ఎండలో, పైకవర్లు నీడలో ఆరేయాలి. ఎండ వేడికి కవర్ల ఎలాస్టిక్, లోపలి పూత పాడవుతాయి.

వానాకాలానికి మాత్రం కుట్టిన ప్యాడ్ల కన్నా 27 అంగుళాల చదరపు నూలుగుడ్డలే మేలు. నాలుగు పొరలుగా, ఆపైన నిలువుగా మూడు మడతలు వేస్తే 12 పొరల ప్యాడ్ అవుతుంది. విప్పి ఆరేస్తే ఒక్క పొరే కాబట్టి ఇంట్లో ఫ్యాను కిందైనా త్వరగా ఆరుతుంది.