వారానికి ఇరవై గంటలనుకుని వచ్చాను, ఒక్కోవారం ఆరే పడుతున్నాయి. నెట్టుకొచ్చేదెట్టా?

కావలి అబ్బాయి:

అన్నలకి, అక్కలకి నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. జనవరి ఇంటేక్‌లో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను, వయసు 23. ఏజెన్సీ ద్వారా వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని చేస్తున్నాను. సాయంత్రం ఆరింటి షిఫ్ట్ ఉందో లేదో మధ్యాహ్నం నాలుగింటికి మెసేజ్ వస్తేగానీ తెలీదు. పోయిన ఎనిమిది వారాల్లో పడిన గంటలు ఇవి: 20, 14, 6, 20, 0, 11, 8, 18. గది అద్దె నెలకి 420 పౌండ్లు, బిల్లులు అందులోనే. సరిగ్గా సున్నా పడిన వారంలోనే అద్దె కట్టాల్సి వచ్చింది. రూమ్మేట్ దగ్గర 150 చేబదులు తీసుకున్నాను, ఇంకా తీర్చలేదు. 20 గంటలు చేసిన వారం కూడా చేతికి 202 పౌండ్లే వచ్చాయి.

నాన్న ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు తెచ్చి పంపాడు. మిగతాది బ్యాంకు లోను. ఇక్కడ తెలిసినాయన ఒకరు తన ఫుడ్ డెలివరీ అకౌంట్‌ని వారానికి 70 పౌండ్లకి అద్దెకిస్తానంటున్నాడు. తీసుకోమంటారా? లేకపోతే ఎండాకాలం సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసి కొంత తీర్చేద్దామని ఉంది. అమ్మకి మాత్రం అంతా బాగుందనే చెప్తున్నాను.

కందుకూరు అన్న:

అబ్బయ్యా, ముందు ఆ డెలివరీ అకౌంట్ సంగతి. తీసుకోబాక. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి చేయకూడదు, డెలివరీ యాప్‌ల పని ఆ లెక్కలోకే వస్తుంది. పైగా ఇంకొకరి పేరుతో తిరగడం. పట్టుబడితే పోయేది వీసా. పట్టుబడకపోయినా డబ్బు పడేది ఆయన బ్యాంకు ఖాతాలో. ఇవ్వనంటే నువ్వు ఎవరి దగ్గరికి పోయి అడుగుతావు? ఇంతకంటే దాని గురించి రాయను.

ఇప్పుడు అసలు విషయం. మాది కందుకూరు పక్కన ఊరు. (2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, ఈమధ్య మళ్లీ ప్రకాశంలోకే మార్చారు. నేను అప్పటికే ఇక్కడున్నాను. ఎవరైనా ఏ జిల్లా అంటే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చెప్తాను.) పొగాకు పండించే ఇల్లు మాది. పొగాకు రైతుకి నెల జీతం ఉండదు కదా. బేళ్లు వేలం కేంద్రానికి పోయినప్పుడే డబ్బు కంటపడేది. ఒకరోజు మంచి ధర పలుకుతుంది. ఇంకోరోజు ఎవరూ పాడరు, నోబిడ్ అంటారు, బేలు మళ్లీ ఇంటికే. నాలుగింటికి నీకు మెసేజ్ రాకపోవడం కూడా నోబిడ్డే అనుకో.

అలాంటి ఇంట్లో మా అమ్మ ఏం చేసేదంటే, వేలం డబ్బు చేతిలో పడ్డ వారంలోనే ఏడాదికి సరిపడా బియ్యం, మిరపకాయలు, చింతపండు తెచ్చి పడేసేది. చీరలూ, పెళ్లిళ్ల చదివింపులూ ఆ తర్వాతే. మంచి ధర పలికిన ఏడాదిని చూసి ఎప్పుడూ ఖర్చు పెంచలేదు. చిన్నప్పుడు మాకు అది పిసినారితనంలా ఉండేది. ఇక్కడ మొదటి ఏడాది నేను రోటా (షిఫ్టుల పట్టీ) చూసుకుని బతికాక అర్థమయింది.

నీ ఎనిమిది వారాలూ కలిపితే 97 గంటలు. 2026 ఏప్రిల్ నుంచి 21 నిండినవాళ్లకి కనీస వేతనం గంటకి 12.71 కాబట్టి 1,233 పౌండ్లు. రెండు నెలల అద్దె 840 పోగా వారానికి దాదాపు 49 మిగలాలి. సగటు చూస్తే బతకొచ్చనిపిస్తుంది. అయినా అప్పు చేశావు. ఎందుకంటే అద్దె సగటు వారంలో రాదు, దానికి తోచినప్పుడు వస్తుంది. అందుకని సగటుని నమ్మబాక. ఆ సున్నానీ, ఆరునీ పక్కన పెట్టి, 8 గంటల వారాన్నే నీ జీతం అనుకో. వారానికి 101 పౌండ్ల 68 పెన్నీలు, నెలకి 440. అద్దె 420 పోతే మిగిలేది ఇరవై. అంటే నీ పని ఇట్టాగే ఉంటే ఆ గది నీకు నిలవదు. ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంటుంది.

గది మారడం కన్నా ముందు పని మార్చి చూడు. ఏజెన్సీని వదలబాక, కానీ దాన్ని పై ఖర్చులకి పెట్టుకో. వారానికి ఎనిమిదో పదో గంటలు ఖాయంగా కాంట్రాక్టులో రాసిచ్చే పని ఒకటి వెతుక్కో. యూనివర్సిటీ క్యాంటీన్, లైబ్రరీ, తెల్లవారుజామున ఆఫీసుల క్లీనింగ్, శని ఆదివారాల్లో షాపు, ఏదైనా సరే. వేర్‌హౌస్ కంటే గంటకి పైసా ఎక్కువ రాకపోయినా పర్వాలేదు, ఆ గంటలు వచ్చే వారం కూడా ఉంటాయి కదా. ఇంకోచోట పని చేయకూడదని జీరో అవర్స్ కాంట్రాక్టులో (ఇన్ని గంటలని హామీ లేనిది) రాసి ఉన్నా చెల్లదు, 2015లోనే చట్టం ఆ షరతుని కొట్టేసింది. నీ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు రెండు పనులూ కలిపి సోమవారం నుంచి ఆదివారం దాకా 20 గంటలు దాటకూడదు. ఈ వారం ఆరే చేశాను కాబట్టి వచ్చే వారం ముప్ఫై చేస్తానంటే కుదరదు.

ఇక నీ 202 పౌండ్లు. ఇరవై గంటలకి 254 రావాలి. సరైన ట్యాక్స్ కోడ్ ఉంటే పన్ను, నేషనల్ ఇన్సూరెన్సు కలిపి పోయేది నాలుగైదు పౌండ్లు మించదు. నీకు ఏకంగా యాభై పైన కోశారంటే పేస్లిప్ మీద ట్యాక్స్ కోడ్ బీఆర్ అని ఉండాలి, చూడు. చేరేటప్పుడు నింపిన స్టార్టర్ చెక్‌లిస్ట్‌లో నాకు ఇంకో ఉద్యోగం ఉంది అనే గడిలో టిక్కు పెట్టి ఉంటావు. అప్పుడు మొదటి పౌండు నుంచే 20 శాతం పోతుంది. ఏడాదికి 12,570 దాకా పన్ను లేదు, నువ్వు ఆ దరిదాపుల్లో కూడా లేవు. హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో పర్సనల్ ట్యాక్స్ అకౌంట్ తెరిచి సరిచేయించుకో. కోడ్ మారాక ఎక్కువ కోసింది జీతంతోపాటే వెనక్కి వస్తుంది. నీ ఎనిమిది వారాల మీద 240 పౌండ్ల పైమాటే. రూమ్మేట్ బాకీ అందులోనే తీరిపోతుంది.

రేపు రెండో పనిలో చేరినప్పుడు అక్కడ బీఆర్ పడటం మామూలే. అప్పుడు కూడా ఊరుకోబాక, రెండుచోట్లా కలిపి 12,570 దాటకపోతే ఆ మినహాయింపుని పంచమని అడగొచ్చు.

గూడూరు అక్క:

అన్న అన్నీ చెప్పాడు గానీ హాలిడే పే మర్చిపోయాడు, మగవాళ్లకి సెలవు పెట్టడం అంటే నామోషీ అనుకుంటా. తమ్ముడూ, గంటలు నిలకడగా లేనివాళ్లకి కూడా చేసిన గంటల మీద 12.07 శాతం జీతంతో కూడిన సెలవు ఉంటుంది. నీ 97 గంటలకి అది 11 గంటల పైన, దాదాపు 149 పౌండ్లు. కొందరు ప్రతి వారం జీతంలోనే కలిపి ఇస్తారు, అట్టా ఇస్తే పేస్లిప్‌లో విడిగా చూపించాలి. నీ స్లిప్‌లో ఆ గీత లేకపోతే అది పోగవుతున్నట్టు. ఎంత పోగయిందని ఏజెన్సీకి ఈమెయిల్ పెట్టి అడుగు. ఫోన్‌లో అడిగితే రేపు చూస్తాం అంటారు, నాకు అనుభవమే. షిఫ్టులు పడవని ముందే వాసన తగిలిన వారానికి సెలవు పెట్టుకో, సున్నా వారంలో కూడా నాలుగు డబ్బులు వస్తాయి.

నేను మొదట్లో కేర్ పనికి పోయేదాన్ని. ఒక ముసలాయన ఇంటి నుంచి ఇంకో అవ్వ ఇంటికి బస్సులో పోయే సమయానికి డబ్బు లెక్క కట్టేవాళ్లు కాదు. అది కూడా కనీస వేతనం లెక్కలోకి వచ్చే పని సమయమే అని నాకు ఆరు నెలలకి గానీ తెలీలేదు. ఏకాస్‌కి (పనివాళ్ల హక్కుల మీద సలహా ఇచ్చే సంస్థ) ఫోన్ చేసి కనుక్కున్నాను, వాళ్లు ఉచితంగానే చెప్తారు. నీకు శిక్షణ అని పిలిచి ఆ గంటలు లెక్క కట్టకపోతే అది కూడా అడుగు.

తిండి సంగతి. లెస్టర్‌లో ఉన్నావు కాబట్టి అదృష్టవంతుడివి. మెల్టన్ రోడ్డులో మన సరుకులన్నీ దొరుకుతాయి. మంచి వారంలో పెద్ద బియ్యం మూట, కందిపప్పు, చింతపండు కొని పడేయి, అన్న వాళ్లమ్మ చేసినట్టు. చేపల్లో ఇక్కడ చవక మాకెరెల్, మన కానాగంతల చుట్టమే. రాత్రి సూపర్ మార్కెట్ మూసే ముందు పసుపు స్టిక్కర్ వేసి తగ్గిస్తారు, అప్పుడు తెచ్చి పులుసు పెట్టు. మర్నాటికే బాగుంటుందని నీకు నేను చెప్పాలా? పచ్చి మామిడికాయకి ఇక్కడ డబ్బు పోయబాక. బ్రామ్లీ అని వంట యాపిల్ ఉంటుంది, పుల్లగా ఉండి మామిడికాయ ముక్కలాగే పనికొస్తుంది. షిఫ్ట్‌కి డబ్బా పట్టుకుపో. వేర్‌హౌస్ బయట శాండ్‌విచ్ కొన్నావంటే అరగంట కూలి పోయినట్టే.

ఒంగోలు నుంచి ఒకడు:

ఎండాకాలం ఫుల్‌టైమ్ అన్నావు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బ్రదర్, మాస్టర్స్ వాళ్లకి చాలా యూనివర్సిటీల్లో వేసవి కూడా టర్మే, డిసర్టేషన్ రాసే సమయం కింద లెక్క. డిగ్రీ చదివే పిల్లలు క్యాంపస్ ఖాళీ చేసి పోతే మనక్కూడా సెలవులే అనుకుంటాం. నేనూ అట్టాగే అనుకుని ఏజెన్సీకి 40 గంటలు రాయమన్నాను. అదృష్టం, వాళ్లే యూనివర్సిటీ నుంచి టర్మ్ తేదీల లెటర్ అడిగారు, ఆగిపోయాను. నీ కోర్సు తేదీలు రాయించుకుని చూడకుండా ఒక్క గంట కూడా ఎక్కువ చేయొద్దు.

గది మారితే మాత్రం ఒకటి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లే అయితే కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) లేదు. చదువు అయిపోయి ఉద్యోగం చేసే అన్న ఒకడు అందులో చేరితే బిల్లు వస్తుంది, 25 శాతం తగ్గింపుతో. అది ఆయనే కట్టాలి. అందరం పంచుకుందాం అంటే నవ్వేసి ఊరుకో. అడ్వాన్సు కూడా అయిదు వారాల అద్దె మించి అడగకూడదు, తీసుకున్న 30 రోజుల్లో ఓనరు దాన్ని డిపాజిట్ ప్రొటెక్షన్ స్కీములో పెట్టాలి. చేతికి ఇచ్చి రసీదు లేకుండా పోగొట్టుకున్న వాళ్లలో నేనొకడిని.

కందుకూరు అన్న:

వేసవి సంగతి ఒంగోలాయన చెప్పిందే కరెక్టు. నేను ఇక్కడికి చదువుకి రాలేదు కాబట్టి నాకు తట్టలేదు.

ఇంటి అప్పు గురించి రెండు మాటలు. నాలుగు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 8,000. ఏడాదికి 24 శాతం. బ్యాంకు లోను వడ్డీ అందులో సగం చుట్టుపక్కల ఉంటుంది. డబ్బు పంపగలిగిన రోజు వచ్చినప్పుడు ఊరి అప్పే ముందు తీర్చాలి, అది చిన్నదైనా సరే. కానీ ఈ ఏడాది పంపబాక. ముందు ఒక నెల అద్దె నీ ఖాతాలో కదలకుండా ఉండనీ. నువ్వు ఇక్కడ అప్పు చేసి అక్కడ వడ్డీ కడితే మీ నాన్న లెక్కలో ఏమీ తగ్గదు. వడ్డీ కట్టలేక ఆయన ఇంకోచోట తెస్తాడేమో అని భయంగా ఉంటే, నీ గంటలు ఇట్టా ఉన్నాయని ఆయనకి చెప్పెయ్. వ్యవసాయం చేసే మనిషికి ఈ వారం పని లేదు అంటే అర్థం కాకుండా ఉండదు.

కావలి అబ్బాయి:

పది రోజులయింది, జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. పేస్లిప్ చూశాను, బీఆరే. చెక్‌లిస్ట్‌లో సి అనే గడిలో టిక్కు పెట్టాను, వచ్చిన కొత్తలో ఏదో పార్ట్‌టైమ్ దొరుకుతుందని ఉత్సాహంలో పెట్టినట్టున్నాను. ఆన్‌లైన్‌లో మార్చాను. హాలిడే పే అడిగితే రెండో ఈమెయిల్‌కి జవాబు వచ్చింది, 14 గంటలు పోగయి ఉన్నాయట. వచ్చే వారం పెట్టమన్నాను. క్యాంపస్‌లో పొద్దున అయిదున్నర నుంచి రెండు గంటల క్లీనింగ్, వారానికి అయిదు రోజులు, ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అకౌంట్ అద్దె ఆయనకి వద్దని చెప్పాను, మొహం మాడ్చుకున్నాడు.

నాన్నకి ఇంకా చెప్పలేదు. అమ్మకి చెప్పాను. తిన్నావా అని అడిగింది, అంతే.

గూడూరు అక్కా, మాకెరెల్ తెచ్చాను. ఆ పుల్ల యాపిల్ చెక్కు తీయాలా, ఎప్పుడు వేయాలి?

గూడూరు అక్క:

చెక్కు తీయి. పులుసు మరిగి చేప ఉడికాక చివర్లో వేయి. ముందే వేశావంటే మామిడికాయలాగా నిలబడదు, గుజ్జయిపోతుంది.