ఎనిమిది మొనల నక్షత్రం: కచ్చితంగా కోయాలా, పెద్దగా కోసి చెక్కుకోవాలా?

నీలిదారం:
క్విల్ట్ (బట్ట ముక్కలు అతికి కుట్టే బొంత) కోసం, ఎనిమిది డైమండ్ ముక్కలు మధ్యలో కలిసే నక్షత్రం బ్లాక్ (బొంతలో ఒక చదరం) మొదలుపెట్టాను. పూర్తయ్యాక 12 అంగుళాలు రావాలి. కొలతకు కచ్చితంగా కోసెయ్యమని ఒకరు, పెద్దగా కోసి కుట్టాక సైజుకు కత్తిరించమని ఇంకొకరు, ఈ గొడవంతా ఎందుకు, డిజైన్‌ను కాగితం మీద ప్రింట్ తీసి, బట్టను దానికి ఆనించి గీతల మీదే కుట్టమని మరొకరు. ఎవరి మాట వినాలి?

కత్తెరపక్షం:
నా మాట. రెండు త్రికోణాలు కలిసిన చతురస్రం ఉంది కదా, లెక్క ప్రకారం దానికి పూర్తయ్యే సైజు మీద 7/8 అంగుళం కలిపి కోయాలి. నేను ఒక అంగుళం కలుపుతాను. కుట్టి, ఇస్త్రీ చేసి, రూలర్ మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద ఆనించి నాలుగు వైపులా చెక్కేస్తాను. కాస్త బట్ట పోతే పోయింది, టెన్షన్ ఉండదు.

పావంగుళం:
త్రికోణాలకు మీ పద్ధతి సరేనండీ. ఆవిడ అడిగింది డైమండ్ల సంగతి. ఎనిమిదీ కలిశాక ఎక్కడ చెక్కుతారు? బయటి అంచున కోస్తే మొనలు తెగుతాయి, మధ్యలో తప్పు అలాగే ఉండిపోతుంది. ఒక్కో ముక్క కోణం 45కు బదులు 44½ పడితే మొత్తం 4 డిగ్రీలు తక్కువ. బ్లాక్ మధ్యలో గిన్నె బోర్లించినట్టు లేస్తుంది. ఇక ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

ఇంకో మాట. కోతను తిట్టుకునేవాళ్లలో చాలామంది కుట్టును చూసుకోరు. కుట్టు దగ్గర మడత తిరిగేటప్పుడు బట్ట మందం కొంత కొలతను తినేస్తుంది, అందుకని అంచు నుంచి వదిలే కుట్టు జాగా పావు అంగుళానికి ఒక పోగు తక్కువే ఉండాలి. ఆ జాగా 1/32 అంగుళం ఎక్కువైందనుకోండి, రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి కుట్టుకు 1/16. వరసలో ఏడు కుట్లుంటే 7/16 అంగుళం మాయం! ముందు 1½ అంగుళాల పీలికలు మూడు కలిపి కుట్టి చూడండి. ఇస్త్రీ చేశాక మధ్య పీలిక సరిగ్గా అంగుళం ఉండాలి. లేకపోతే కత్తెరను ఏమీ అనకండి.

కాగితంపులి:
గీత మీదే కుడితే ఈ పోగుల లెక్క ఎందుకు? కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే కుట్టాక కాగితం తేలిగ్గా చిరుగుతుంది. దిక్సూచి ఆకారపు బ్లాక్‌లో ఆ సన్నటి మొనలు విడిగా కోసి కలపమనండి చూద్దాం.

పావంగుళం:
దిక్సూచికి ఒప్పుకున్నా, ఈ నక్షత్రానికి ఒప్పుకోను. డైమండ్ల సందులో చతురస్రం కూర్చోవాలంటే కుట్టు మూలకు పావు అంగుళం ముందే ఆగి, మలుపు తిరగాలి. కాగితం మీద పడేవి తిన్నని కుట్లే. చతురస్రాన్ని రెండుగా చీల్చక తప్పదు. ప్లెయిన్ బట్టలో ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

కాగితంపులి:
పూల బట్ట వేస్తే ఎవరికి కనపడుతుంది? మొన తెగిన నక్షత్రం కన్నా నయమే.

గంజిబట్ట:
ఇస్త్రీ గురించి ఒక్కరూ మాట్లాడరేం? పీలిక నుంచి కోసిన డైమండ్‌లో రెండు అంచులే నేత దారం వెంట ఉంటాయి, మిగతా రెండూ ఏటవాలు. చేత్తో పట్టుకుంటేనే సాగుతాయి. గంజి కోయకముందే పెట్టండి. ఇస్త్రీపెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి పెట్టండి.

నీలిదారం:
సరే, కోసే కుడతాను. మరి 12 అంగుళాలకు డైమండ్ కొలత ఎంత?

పావంగుళం:
12ను 3.414తో భాగిస్తే డైమండ్ భుజం 3.515. దానికి పీలిక వెడల్పు, కుట్టు జాగాతో కలిపి 2.985. అంటే 3 అంగుళాల పీలిక కోసి, 45 డిగ్రీల గీత పట్టుకుని మళ్లీ 3 అంగుళాలకొకటి కోస్తూ పోవడమే. మీ అదృష్టం, 12కు ఇలా కుదిరింది. 10 అంగుళాల బ్లాక్‌కైతే 2.57 వస్తుంది, 2½కీ 2⅝కీ మధ్యలో. అక్కడ నేనైతే 2½ పీలికే కోసి, బ్లాక్ 9.66 వచ్చినా సరిపెట్టుకుంటాను.

కత్తెరపక్షం:
మూల చతురస్రాలు మాత్రం 4కు బదులు 4¼ కోయండి, పక్క త్రికోణాలూ కాస్త పెద్దగానే. అక్కడైనా నా కత్తెరకు పని దొరుకుతుంది. మొన దాటాక పావు అంగుళం బట్ట ఉందో లేదో చూసుకుని మరీ రూలర్ పెట్టండి.