సోలో ఆర్పీజీ జర్నల్: రాత ఎక్కువైపోయి ఆట కదలట్లేదు, ఏం మార్చాలి?

గౌతమిపాయ అడిగారు:

నమస్కారమండి. ఐరన్‌స్వోర్న్ అనే ఆర్పీజీ (పాచికలు వేస్తూ ఒక పాత్రగా కథ నడిపే ఆట) రూల్సుతో ఒక్కణ్ణే ఆడుతున్నాను. ఆ పుస్తకంలోని చలిదేశం తీసేసి మన డెల్టా పెట్టుకున్నా. కాలం 1848, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులు. పాత్ర సూరన్న, పడవ సరంగు. ప్రతిజ్ఞ: ఆనకట్ట పనికని వెళ్ళి తిరిగిరాని తమ్ముణ్ణి వెతికి తేవడం. అవునా కాదా అనే ప్రశ్నలకి మిథిక్ పట్టిక వాడుతున్నాను.

ఇబ్బందులు ఇవీ. సీనుకి రెండు మూడు పేజీల కథ అయిపోతోంది, గంట కూర్చున్నా నాలుగు పాచికలు పడట్లేదు. నాలుగు రోజులు వదిలేస్తే మళ్ళీ ఎక్కడ మొదలెట్టాలో తెలియడానికి అంతా చదువుకోవాలి. పది ముఖాల పాచికలు ఇక్కడ షాపుల్లో దొరకవు, ఇంట్లో గవ్వలున్నాయి, వాటితో నడపొచ్చా? పైగా ఈ ముసురుకి నోటుబుక్కు మెత్తబడి జెల్ పెన్ను అలుక్కుపోతోంది.

నా రాత ఇలా ఉంటుంది: ‘తెల్లారగట్ల సూరన్న పడవ విప్పాడు. గోదారి మీద మంచు పల్చగా కదులుతోంది. రాజమండ్రి వంతెన నీడ దాటాక తమ్ముడు గుర్తొచ్చాడు...’ ఇలా పేజీ నిండుతుంది, సూరన్న మాత్రం యానాం చేరడు.

---

చుక్కాని రాశారు:

ముందు చిన్న విషయం. 1848లో రాజమండ్రికి వంతెన లేదండి, అక్కడ గోదారి మీద మొదటి రైలు వంతెన 1900లో తెరిచారు. యానాం నుంచి ఎదుర్లంకకి ఉన్న వంతెనైతే మొన్నమొన్నటిది. కాబట్టి సూరన్నకి ప్రతిచోటా రేవే. ఇది ఆటకి నష్టం కాదు, లాభం: దాటే ప్రతిసారీ పాచిక వెయ్యడానికి కారణం దొరుకుతుంది. నోటుబుక్కు ఆఖరి పేజీలో ‘ఉన్నవి, లేనివి’ అని రెండు వరసలు పెట్టుకోండి. ఆనకట్ట సగంలో ఉంది, యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, జనం ఎక్కే రైలు లేదు. పది పన్నెండు లైన్లు చాలు.

ఇక అసలు సంగతి. మీరు ఒకే చోట రెండు పనులు చేస్తున్నారు, ఆటలో జరిగింది నమోదు చెయ్యడం, కథ చెప్పడం. రెండూ మంచివే, కానీ ఒకే కూర్పులో కలిపితే కథే మొత్తం మింగేస్తుంది. ఎడమ పేజీ ఆటకి, కుడి పేజీ కథకి కేటాయించండి. ఆడుతున్నంతసేపూ ఎడమ పేజీ మీదే చెయ్యి ఉండాలి. కుడి పేజీ ఖాళీగా మిగిలిపోయినా దిగులు వద్దు.

ఎడమ పేజీ ఇలా ఉంటే సరిపోతుంది (చే అంటే చేసేది, పా పాచిక, ఫ ఫలితం, ప్ర ప్రశ్న, దారం అంటే కథలో ఇంకా తేలని విషయం. ఆరు ముఖాల పాచికకి పాత్ర బలం కలిపి, ‘ఎదుటివి’ అనే రెండు పది ముఖాల పాచికలతో పోలుస్తాం):

సీను 7. బహుళ ద్వాదశి, తెల్లవారుజాము, యానాం రేవు. కావలసింది: ఎవరూ చూడకుండా ఎదుర్లంక చేరడం.
చే: పాటుకి (దిగే నీటికి) అడ్డంగా పడవ నడపడం, ఎడ్జ్ (చురుకుదనం) 2
పణం: తప్పితే దిగువకి కొట్టుకుపోయి, పొద్దెక్కాక కుంఫిణీ మనుషుల కళ్ళబడతాడు
పా: 4+2=6. ఎదుటివి 3, 8. ఒకటే దాటింది
ఫ: చేరాడు, గెడ విరిగింది. సరుకు 1 తగ్గింది
ప్ర: తమ్ముణ్ణి ఇక్కడ ఎవరైనా చూశారా? అవకాశం సగం సగం, కేయాస్ (కథ ఎంత అదుపు తప్పిందో చెప్పే మిథిక్ అంకె) 5. పడింది 44, అవును. జంట అంకె, 4 కేయాస్‌లోపే, కాబట్టి అనుకోని సంఘటన కూడా
ఫ: రేవులో కల్లు అమ్మే వెంకన్న చూశాడు. సంఘటన: రాయి మొయ్యడానికి పడవలు పట్టుకుపోతున్నారని కబురు
దారం: వెంకన్న ఎందుకు గొంతు తగ్గించి చెప్పాడు?

ఎనిమిది లైన్లు. మీ పద్ధతిలో ఇది మూడు పేజీలు.

ఇందులో వదలకూడనిది ‘పణం’ లైను. పాచిక వెయ్యకముందే రాయాలి. లేకపోతే ఏమవుతుందంటే, పాచిక తిరగబడ్డాక ఆడేవాడే తీర్పరి కాబట్టి మనసు మెత్తబడుతుంది, ‘పోనీలే, కాస్త తడిశాడు’ అని రాసేస్తాం. అలా నాలుగైదు ఓటములు నీరుగారిపోతే కథలో ఒత్తిడి పోతుంది. ఒత్తిడి లేని చోట ఆ ఖాళీని మంచూ వెన్నెలా పెట్టి పూడుస్తాం. మీ పేజీలు పొడుగవడానికి అసలు కారణం అదే అనుకుంటున్నాను. పణం ఏమీ తట్టలేదంటే ఆ పాచిక అక్కర్లేదనే లెక్క, అవునని రాసి ముందుకు పోండి.

ఆరోగ్యం, ధైర్యం, సరుకు, మొమెంటం (పాత్ర ఎంత ఊపు మీద ఉందో చెప్పేది) లాంటి అంకెలు జర్నల్లో మొత్తంగా రాయొద్దు. మారినంత వరకే రాయండి, పైన ‘సరుకు 1 తగ్గింది’ అన్నట్టు. అసలు లెక్క విడి అట్టముక్క మీద ఉండాలి. మొమెంటం మైనస్ 6 నుంచి 10 దాకా తిరుగుతూనే ఉంటుంది, పెన్సిల్‌తో రాసి చెరిపితే రెండు సిటింగులకే కాగితం చిరుగుతుంది. అట్ట అంచున అంకెలు వేసి జెమ్‌క్లిప్ జరుపుకోండి. ప్రతిజ్ఞ ఎంతవరకు వచ్చిందో చూపే గడులకి పెన్నే మంచిది, అవి వెనక్కి తిరగడం అరుదు. తమ్ముడి ప్రతిజ్ఞ కష్టాన్ని ‘డేంజరస్’ స్థాయిలో పెట్టి ఉంటే ఒక్కో మైలురాయికి (ప్రతిజ్ఞకి దగ్గర చేసే ఘట్టానికి) రెండు గడులు. ‘ఎపిక్’ పెట్టి ఉంటే ఒక్క గీతే, నాలుగు గీతలకి ఒక గడి. అంత పొడుగు ఆట ఆడతారో లేదో ఇప్పుడే తేల్చుకోండి.

కుడి పేజీలో కథ ఎప్పుడు రాయాలంటే, ఎదుటి పాచికలు రెండూ ఒకే అంకె పడిన సీనుకి, మైలురాయి దాటిన సీనుకి. మిగతావాటికి చూసిందో విన్నదో ఒక్క వాక్యం చాలు.

---

రావులపాలెం రోడ్డు రాశారు:

చుక్కాని గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. కొన్ని ఆటల్లో రాయడమే ఆట. థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్ తీసుకోండి. పది ముఖాల పాచికలోంచి ఆరు ముఖాల పాచిక తీసేసి, వచ్చినంత ముందుకో వెనక్కో వెళ్ళి అక్కడున్న ప్రశ్నకి జవాబు రాయాలి. జ్ఞాపకాలు అయిదే, ఒక్కోదాంట్లో మూడు అనుభవాలే పడతాయి, చోటు లేకపోతే పాతది కొట్టేయాలి. అక్కడ ఎడమ పేజీ కుడి పేజీ అంటే కుదరదు. (కొట్టేసేటప్పుడు ఒక్క గీతే గియ్యండి. పూర్తిగా నలిపేస్తే ఏం పోయిందో కనబడదు, సరదా అంతా అక్కడే ఉంది.) గౌతమిపాయ గారికి రాతే ఇష్టమైతే ఐరన్‌స్వోర్న్‌ని వంచడం కన్నా ఆ తరహా ఆట పట్టుకోవడం మేలేమో.

ఐరన్‌స్వోర్నే కావాలంటే, మళ్ళీ మొదలెట్టడానికి మందు ఇది. లేచే ముందు మూడు లైన్లు రాసి చుట్టూ డబ్బా గియ్యండి: ఎక్కడున్నాడు, తరుముతున్నది ఏంటి, వచ్చేసారి మొదట వెయ్యబోయే ప్రశ్న ఏంటి. మూడోది తప్పనిసరి, ప్రశ్న గుర్తుతో ముగియాలి. ‘వెంకన్నతో మాట్లాడాలి’ అని రాస్తే పనికిరాదు, తెరవగానే బద్ధకం వస్తుంది. ‘వెంకన్న ఒంటరిగా ఉన్నాడా?’ అని ఉంటే పుస్తకం తెరిచి, ఇంకా కూర్చోకుండానే పాచిక వేసేస్తారు. సీను సగంలో ఆపడమూ మంచిదే.

దారాలు అయిదుకి మించనివ్వకండి. ఆరోది వస్తే పాతవాటిలో ఒకటి ముడెయ్యాలి, లేదా రెండు కలపాలి. పడవలు పట్టుకుపోయేవాడూ తమ్ముణ్ణి పనిలోకి పిలిచినవాడూ ఒకడే అయితే రెండు దారాలు ఒకటైపోతాయి, కథ దానంతటదే బిగుస్తుంది. దారాల పట్టిక ముందు అట్ట లోపల ఉండాలి, పేజీలు తిప్పి వెతికే చోట ఉంటే చూడరు.

పాత్రలకి పేరు, కంటికి కనబడే గుర్తు ఒకటి, కావలసింది ఒకటి. అంతే. ‘వెంకన్న, ఎడమ చెవి తెగింది, అప్పు తీరాలి.’ ఆడేముందే ఇరవై పేర్లు, పది ఊళ్ళు రాసి పెట్టుకోండి. పేరు కోసం ఆగితే ఫోన్ తీస్తారు, ఫోన్ తీస్తే ఆ పూటకి ఆట అయిపోయినట్టే.

---

అయిదు గవ్వలు రాశారు:

గవ్వలతో నడపొచ్చండి, కానీ ఎన్ని అన్నది ముఖ్యం. అష్టాచెమ్మాకి నాలుగు వేస్తాం కదా అని నాలుగే వేస్తే మధ్యలో ‘రెండు వెల్లకిలా’ అనేది అటూ ఇటూ కాకుండా మిగులుతుంది. అయిదు వెయ్యండి, ఆరు జవాబులు సరిగ్గా సర్దుకుంటాయి. అయిదూ వెల్లకిలా పడితే ‘అవును, పైగా’. నాలుగైతే ‘అవును’. మూడైతే ‘అవును, కానీ’. రెండైతే ‘కాదు, కానీ’. ఒకటైతే ‘కాదు’. ఒక్కటీ లేకపోతే ‘కాదు, పైగా’. 32 పాళ్ళలో ఇవి వరసగా 1, 5, 10, 10, 5, 1. అంటే ‘కానీ’లు బాగా ఎక్కువ పడతాయి, సోలో ఆటకి అదే కావాలి.

చిక్కు ఏంటంటే గవ్వ నాణెం కాదు, రెండు వైపులా సమానంగా పడదు. ముందు అయిదూ కలిపి ఇరవై సార్లు వెయ్యండి, మొత్తం వంద పడతాయి. వెల్లకిలా పడినవి 40 నుంచి 60 లోపు ఉంటే పర్వాలేదు. దాటితే ఆ గవ్వల మొగ్గు ఒకవైపే. కొత్తవి వెతకొద్దు, ప్రశ్న విడిచి ప్రశ్నకి అర్థం తిప్పండి: ఒకసారి వెల్లకిలా అవును, మరోసారి బోర్లా అవును. మొగ్గు రెండు వైపులా పంచుకుపోతుంది. ఏ ప్రశ్నకి ఏది అన్నది మాత్రం ‘ప్ర’ పక్కనే ‘వె’ అనో ‘బో’ అనో రాసుకోవాలి. వేశాక తేల్చుకుంటే అది మోసం. చింతపిక్కలకీ ఇదే లెక్క.

పది ముఖాల పాచికకి పేకముక్కలు. ఎర్రవాటిలో ఆసు నుంచి పది దాకా ఒక రంగు, నల్లవాటిలో ఒక రంగు, రెండు విడి కట్టలు. ఒక్కోదాంట్లోంచి ఒకటి తియ్యండి, తీశాక మళ్ళీ కలిపెయ్యండి. ఒకే కట్టలోంచి రెండూ తీస్తే ఒకే అంకె రెండుసార్లు రాదు, ఐరన్‌స్వోర్న్‌లో జంట పడితే వచ్చే మలుపు అసలు రాకుండా పోతుంది. మిథిక్‌కి వంద కావాలంటే ఎర్ర ముక్క పదులు, నల్ల ముక్క ఒకట్లు. పది ముక్కని సున్నా అనుకోండి, రెండూ పదులైతే వంద. ఆరు ముఖాలది లూడో డబ్బాలో ఉంటుంది.

నోటుబుక్కు గురించి: జెల్, ఫౌంటెన్ పెన్నులు ఈ గాలికి పనికిరావు. కాగితం తేమ పీల్చుకుంటే ఇంకు పాకుతుంది, జెల్ ఆరేలోపు చెయ్యి తగులుతుంది. మామూలు బాల్‌పెన్నే మంచిది, దాని ఇంకు నూనెది. స్పైరల్ కన్నా కుట్టు బైండింగ్ మేలు, స్పైరల్ తీగ తుప్పు పట్టి పేజీ అంచుకి మరక దింపుతుంది. రబ్బరు బ్యాండు వెయ్యొద్దు, అట్టకి అతుక్కుంటుంది. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. కాగితం తడిగా ఉన్నప్పుడు మాత్రం కవర్ మూయకూడదు, బూజు పడుతుంది. ముందు ఫ్యాను కింద పూర్తిగా ఆరాలి. షెల్ఫులో గోడకి ఆనించకండి, చెమ్మా చెదలూ రెండూ అక్కడినుంచే. లేచే ముందు ఆ పూట పేజీలు ఫోటో తీసి పడేస్తే ఇంకే బెంగా ఉండదు.

---

గౌతమిపాయ రాశారు:

ఆయ్, చాలా థాంక్సండి. అయిదు గవ్వల లెక్క ఇప్పుడే వేసి చూశా, 47 వచ్చింది. ఇంకొక్కటి. చుక్కాని గారు సీను పైన తేదీ బదులు తిథి రాశారు, అది కావాలని రాసిందేనా? పోటు, వరద రెండూ ఆటలోకి ఎలా తేవాలో తెలియట్లేదు. ప్రతిసారీ పాచిక వేస్తే విసుగొస్తోంది.

---

చుక్కాని రాశారు:

కావాలనే రాశానండి. తిథి రాస్తే వెన్నెలా పోటూ పాచిక లేకుండానే వచ్చేస్తాయి. బహుళ ద్వాదశి అంటే చంద్రుడు తెల్లవారుజామునే వస్తాడు, సన్నగా ఉంటాడు. అర్ధరాత్రి దాటించాలంటే చీకటి గ్యారంటీ. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బలంగా ఉంటుంది, అష్టమి నవముల తర్వాత నీరు అంతగా పెరగదు. పోటు రోజుకి రెండుసార్లు, ఒక్కో రోజుకీ సుమారు రెండు ఘడియలు ఆలస్యమవుతుంది, అంటే 48 నిమిషాలు. సముద్రం దగ్గర రేవులో మొదటి రోజు పోటు ఎప్పుడో ఒక్కసారి మీరే నిర్ణయించుకుని రాసేస్తే మిగతాదంతా కూడికే. పోటుతో ఎగువకి వెళ్తుంటే మీకు మీరే 1 కలుపుకోండి, ఎదురు వెళ్తుంటే పాచిక తప్పనిసరి అనుకోండి. 1848 ఉగాదితో కీలక నామ సంవత్సరం మొదలైంది, కానీ ఆ ఏడాది పంచాంగమే వెతకక్కర్లేదు. కావలసింది తిథుల వరసే, ఇంట్లో ఉన్నది చాలు.

వరదకి ఆరు గడులు. జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకానే వాడండి. ఆట రోజు ఒకటి గడిచినప్పుడల్లా ఒక్కసారి ఆరు ముఖాల పాచిక వెయ్యాలి, సీనుకి కాదు. 5 లేదా 6 పడితే గడి నింపండి, 1 పడితే ఒకటి చెరపండి. రెండు గడులకి ఎర్రనీరు. నాలుగుకి లంకల్లో పల్లపు పొలం మునుగుతుంది, నడక దార్లు పోతాయి. ఆరుకి లంక ఖాళీ చెయ్యాల్సిందే, సీను పైన రాసుకున్న ‘కావలసింది’ ఏదైనా సరే పక్కకి పోతుంది. నాలుగు గడులు దాటాక పోటు లెక్క చాలావరకు ఆపెయ్యండి, అంత వరదలో ఏరు దిగువకే లాగుతుంది. ఒక్క మినహాయింపు: బలమైన పోటు రోజుల్లో సముద్రం దగ్గర లంకల్లో నీరు త్వరగా తియ్యదు, కాబట్టి ఆ రోజుల్లో గడి చెరపొద్దు.

మీ కథకి ఇంకో ఉపయోగం ఉంది. ఆనకట్ట పని ఏరు తగ్గి ఉన్న నెలల్లోనే సాగుతుంది, వరదొస్తే ఆగాలి. పైగా అది ఒకే గోడ కాదు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. తమ్ముడు ఏ ముక్కలో ఉన్నాడన్నది నాలుగు పేకముక్కలతో తేలిపోతుంది. వరద గడులు నాలుగుకి చేరేలోపు తేలకపోతే కూలీలు చెల్లాచెదురవుతారు. ఇది పణం లైన్లో రాయదగ్గది.

ఈ కాలంలో ఆట పెట్టేవాళ్ళకి ఆరు గడులు అక్కర్లేదు, ధవళేశ్వరం దగ్గర ఇచ్చే హెచ్చరికలు మూడున్నాయి: 11.75, 13.75, 17.75 అడుగులు. మూడు గడులు గీసి వాటి కింద ఈ అంకెలు వేసుకుంటే సరి.