కల్పాక్కంలో ప్రమాదం జరిగితే మా క్యాజువాలిటీ ఎలా సిద్ధంగా ఉండాలి?

నమస్కారం. నేను దక్షిణ చెన్నైలో ఒక మధ్యతరహా ఆసుపత్రి క్యాజువాలిటీలో వైద్యుణ్ణి. కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం నగరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున, అక్కడ ప్రమాదం జరిగితే మేము పాటించవలసిన ప్రణాళికను రాసే పని నాకు అప్పగించారు.

ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందు చికిత్స చేసి, ఆ తర్వాతే రేడియోధార్మిక ధూళి సంగతి చూడాలనీ, పైబట్టలు విప్పి సంచిలో కట్టేస్తేనే దానిలో అధిక భాగం పోతుందనీ, పొటాషియం అయొడైడ్ మాత్రలు థైరాయిడ్‌ను మాత్రమే కాపాడతాయనీ తెలుసు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్ర ప్రమాదం నాటి అనుభవం: అక్కడి ఆసుపత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి హడావుడిగా తరలించిన రోగులలో 50 మందికి పైగా మరణించారు, కారణం రేడియేషన్ కాదు, దారిలో చలి, నిర్జలీకరణ, వైద్యం అందకపోవడం.

మా క్యాజువాలిటీకి ద్వారం ఒక్కటే. అంబులెన్సు ఆగే చోట, వాచ్‌మన్ కుర్చీ పక్కన ఒక కొళాయి ఉంది. అక్కడే పరదాలు కట్టి బట్టలు మార్పించి, ఒళ్లు కడిగించే ఏర్పాటు చేస్తే సరిపోతుందా? మామూలు గుండెపోటు రోగులను అదే ద్వారం గుండా ఎలా తీసుకురావాలి? రేడియేషన్ ఎంత తగిలిందో అంచనా వేయడానికి, వాంతులు మొదలైన సమయాన్ని, లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య తగ్గే వేగాన్ని ఎవరు, ఏ కాగితం మీద నమోదు చేయాలి? భయపడే సిబ్బందికి (నిజం చెప్పాలంటే భయం సహజమే) ముందుగా ఏ శిక్షణ ఇవ్వాలి? ఇటువంటి మాక్ డ్రిల్‌లో పాల్గొన్నవారు, ముఖ్యంగా అందులో ఎక్కడ ఇబ్బంది ఎదురైందో, దయచేసి వివరంగా చెప్పగలరు.